కాసి కాచి

టప్.

పత్తికాయ పగిలింది.

ఎండ ముదిరే వేళకి చేనంతా ఇదే చప్పుడు. ఇక్కడొకటి. అక్కడొకటి. పెదవులు విడివడినంత చిన్న చప్పుడు. చెవి పెట్టినవాళ్ళకే వినబడుతుంది.

పాపాత్తికి వినబడుతుంది. ఈ నెల రోజులుగా ఆమెకి అన్నీ వినబడుతున్నాయి.

మాసి నెల. అరవనాట చోళపురం దారిలో, కొండ పక్కన, ఆఖరి చేను. పన్నెండు మంది ఆడవాళ్ళు, పన్నెండు సాళ్ళు. వంగిన నడుములు. ఒళ్ళో తెల్లటి బరువు. చేనుకి పడమట ఎండిన వాగు. వాగు దాటితే ముళ్ళ పొదలు. పొదలు దాటితే కొండ — పొద్దున నీలంగా, మధ్యాహ్నం బూడిదగా, సాయంత్రం ఏ రంగూ లేకుండా...

పాపాత్తి కొండ వైపు చూడదు.

పన్నెండు మందిలో చూడనిది తనొక్కతే. ఆ సంగతి ఒకరోజు హఠాత్తుగా తెలిసింది. అప్పుడు చూసింది — చూడకపోవడం ఎవరికీ కనబడకూడదని. చూశాక, మరీ ఎక్కువసేపు చూశానేమోనని భయపడింది.

వేళ్ళు పత్తి తీస్తున్నాయి.

వేళ్ళకి పని ఉంది. నాలుకకి లేదు. పని లేని నాలుక ఊరుకోదు. అందుకే చేలో ఆట.

*

ఆట చిన్నది. ఒక మాటల వరస. ఊపిరి తీసుకోకుండా మూడుసార్లు అనాలి. తప్పినవాళ్ళు గెలిచినవాళ్ళ పత్తిని గట్టు దాకా మోయాలి.

వరస పాపాత్తి అమ్మ వీరమ్మాళ్‌ది. ఆమె పోయి పదేళ్ళు. వరస పోలేదు.

చేను కాసి, కాసిన చేను కాచి, కాచిన చేను చూసి, చూసిన పత్తి తీసి, తీసిన పత్తి మోసి —

కాసి కాచి చూసి తీసి మోసి.

నెమ్మదిగా అంటే అందులో ఏమీ లేదు. చేను కాసింది, కాపలా కాశారు, చూశారు, తీశారు, మోశారు. ఒక ఏడాది బతుకు. అంతే. త్వరగా అంటే మాత్రం చేను పోతుంది, పత్తి పోతుంది, ఏడాది పోతుంది. నోట్లో గులకరాళ్ళు మిగులుతాయి.

కాసి కాచి. కాసి కాచి. కాసి కా...

స పళ్ళ వెనక. చ అంగిలి మీద. ఒకదాని నుంచి ఒకదానికి పరిగెత్తేటప్పుడు నాలుక నడుమ జారుతుంది. జారిన చోట శ.

అరవ బడిలో ఈ మూడింటికీ ఒకటే అక్షరం. పాపాత్తి రెండో తరగతి దాకా చదివింది. ఆమెకి ఆ ఒక్క అక్షరమే తెలుసు. ఇంట్లో మాట్లాడే తెలుగుకి అక్షరాలు లేవు, నోరు మాత్రమే ఉంది. నోట్లో గోడలు పల్చన.

కాసి, కాచి — కాశి.

కాశి ఆమె తమ్ముడు.

*

పన్నెండేళ్ళ కిందట. ఆమెకి పదకొండు. వాడికి ఐదు.

వాడు వడ్ల గాదె వెనక దాక్కునేవాడు. ఆమె వాకిట్లో నిలబడి వరస మొదలుపెట్టేది. కాసి కాచి చూసి తీసి మోసి. కాసి కాచి చూసి తీసి మోసి. మూడోసారి తప్పక తప్పేది.

"...కాశి!"

గాదె వెనక నుంచి దుమ్ముతో, సాలీడు బూజుతో, గంతుతో —

"ఏమక్కా, పిలిస్తివి?"

ప్రతిసారీ అదే తప్పు. ప్రతిసారీ అదే గంతు. అమ్మ పొయ్యి దగ్గర నుంచి నవ్వేది. తప్పు చేస్తే ఒక మనిషి ప్రత్యక్షమయ్యేవాడు. ఒప్పుగా అంటే ఎవరూ వచ్చేవారు కాదు. పాపాత్తికి అప్పట్లో లోకం అలాగే ఉంటుందనిపించేది.

కొన్నిసార్లు అన్నం చల్లారిపోతుంటే ఆమె కావాలని తప్పేది.

గాదె వెనక నుంచి గొంతు మాత్రం వచ్చేది. "అది దొంగ తప్పు. నేను రాను పో."

వాడికి ఎలా తెలిసేదో...

"నిజంగా తప్పినప్పుడు ముందు ఉలిక్కిపడతావు. ఆ మీదనే నవ్వుతావు. దొంగ తప్పులో ఉలుకు ఉండదక్కా." పెద్దయ్యాక చెప్పాడు. ఆమె పెళ్ళయి, మూడేళ్ళకే మొగుడు పోయి, తమ్ముడి ఇంటికి తిరిగి వచ్చాక. వాడు నూలు మిల్లుకి పోతూ, చొక్కాకి పట్టిన దూది దులుపుకుంటూ చెప్పాడు.

*

నలభై రెండో సంవత్సరం, ఆవణి నెల. తెల్లదొరలు పోవాలని ఊరూరా గొడవ. సేత్తూరు దారిలో తంతి తీగలు తెగాయి.

ముగ్గురు కోశారు. ఇద్దరు దొరికారు. మూడోవాడు కాశి.

"సముద్రం దాటి కొళంబుకి పోయినాడు," అంది పాపాత్తి, అడిగినవాళ్ళందరితో. "అక్కడ మా మామ ఉండాడు." అక్కడ ఏ మామా లేడు.

పోలీసులు ఇల్లు వెతికారు. గాదె వెనక కూడా వెతికారు. ఆమె వాకిట్లో నిలబడి చూసింది. లోపల ఎక్కడో వరస దానంతట అది మొదలైంది. కాసి కాచి. పెదవి కొరుక్కుంది.

ఐదు నెలలు ఏ కబురూ లేదు. పోయిన నెల, తై నెలలో, ఒక సాయంత్రం వాగు ఒడ్డున పుల్లలు ఏరుతుంటే పొదల్లోంచి —

"అక్కా."

గడ్డం వచ్చింది. కళ్ళు లోపలికి పోయాయి. గొంతు మాత్రం గాదె వెనకదే.

"రోజుకొక చోట పండుకొంటాను. నన్ను వెతుక్కుంటా కొండెక్కొద్దు. ఇక్కడికే రా. పుల్లలు ఏరతా సుమ్మా, ఊరికే అన్నట్టు, అమ్మ మాట అనుకో. ఒంటిగా ఉండే ఆడది నోట్లో ఏందో గొణుక్కుంటే ఎవరూ చెవి పెట్టరు. నువ్వు తప్పినావంటే వస్తాను."

"తప్పకపోతే?"

"తప్పుతావులే. ఎప్పుడు తప్పలేదు గనుక?" నవ్వాడు. పళ్ళు ఇంకా తెల్లగానే ఉన్నాయి. వెంటనే నవ్వు పోయింది. "ఒకటి గుర్తుంచుకో. పేరు పెట్టి నేరుగా పిలిచినావంటే నీ వెనక ఎవరో ఉన్నారని అర్థం. మరి నిలవను. కొండ దాటి అవతల మలయాళ సీమకి పోతాను. తిరిగి రాను."

అదీ కట్టుబాటు. తప్పితే వస్తాడు. సరిగ్గా పిలిస్తే పోతాడు.

ఆ రోజు నుంచి కుండలో రాగి ఉండ, మజ్జిగ. పైన పుల్లల మోపు. వాగు ఒడ్డున వరస. మూడోసారి ఉలుకు. పొదల్లో అలికిడి. ఒక చేయి.

*

కొండ దగ్గర తప్పాలి.

చేలో తప్పకూడదు.

ఒకే నాలుక. ఒకే వరస. వాగుకి ఇటు ఒకలా, అటు ఒకలా.

చేలో ఎందుకు తప్పకూడదంటే — మూడో సాలులో వెళ్ళయమ్మాళ్ ఉంది. ఆమె మొగుడు చెల్లయ్య తలైయారి. ఊరికి కాపలా మనిషి. సాయంత్రం అయితే పోలీసులు అతని గుమ్మం ముందు నిలబడి అడుగుతారు, మూడోవాడు ఏడీ అని. దొరక్కపోతే ఆ కర్ర, ఆ తలపాగా, ఆ గుమ్మం ఏవీ అతనికి మిగలవని ఊరంతా అనుకుంటోంది. వెళ్ళయమ్మాళ్ చెడ్డది కాదు. పాపాత్తికి అమ్మ పోయిన రోజున తల దువ్వింది ఆవిడే. చేలో అందరికన్నా గట్టిగా నవ్వేది ఆవిడే.

ఆ నవ్వే భయం. నవ్వే మనిషి వింటుంది.

పేరు నోట్లోంచి వచ్చిందంటే గొంతు వణుకుతుంది. గొంతు వణికితే కన్ను తిరుగుతుంది. కన్ను ఎటు తిరుగుతుందో పాపాత్తికి తెలుసు.

అందుకని నెల రోజులుగా ఆమె ఆట ఆడటం లేదు. ఒకరోజు గొంతు నొప్పి. ఒకరోజు పన్ను నొప్పి. ఒకరోజు ఏ నొప్పీ దొరకక, ఒళ్ళో పత్తి నిండకముందే గట్టుకి పరుగు.

తెల్లవారుజామున తిరగలి ముందు కూర్చుంటుంది. రాగులు పోస్తుంది. తిప్పుతుంది.

కా — సి. పళ్ళు.

కా — చి. అంగిలి.

కా — సి. కా — చి.

నెమ్మదిగా. గోడ కడుతున్నట్టు. ఒక రాయి స, ఒక రాయి చ. నడుమ సందు లేకుండా. సందులోంచే వాడు వస్తాడు.

తిరగలి ఆగినా వరస ఆగదు. నడకలో ఉంది. రోకటి పోటులో ఉంది. మిల్లు కూసే కూతలో ఉంది. ఎవరో తలుపు కొడితే రెండు దెబ్బలు — కాసి, కాచి. ఊపిరి లోపలికి, కాసి. బయటికి, కాచి. తల విదిలించుకుంటుంది. పోదు.

అనకూడని మాట ఏదో తెలిసి ఉంటేనే అనకుండా ఉండగలం. కాబట్టి లోపల ఒకత్తె ఎప్పుడూ ఆ పేరు అంటూనే ఉంది. ఇంకొకత్తె దాని నోరు మూస్తూనే ఉంది. మూసే చేతికి విశ్రాంతి లేదు. ఆ ఇద్దరిలో తను ఎవరో పాపాత్తికి తెలియడం మానేసి చాలా రోజులైంది.

*

ఆ రోజు ఎండ తెల్లగా ఉంది.

బొమ్మి మొదలుపెట్టింది. పక్క సాలు పిల్ల. పోయిన ఏడే పెళ్ళయింది. నోట్లో మాట నిలవదు. ఎవరి పేరు దొరికితే ఆ పేరుకి, ఏ వస్తువు కనబడితే ఆ వస్తువుకి జత మాట కట్టేస్తుంది.

"కొండకి పోయె కుండ! కుండలో ఉండె ఉండ! ఉండని మింగె బండ! బండకి తాకె ఎండ!"

పాపాత్తి చేయి కాయ మీద ఆగిపోయింది.

కొండ. కుండ. ఉండ.

పిల్లకి తెలుసా? చూసిందా? సుమ్మా అందా? మాటలకి కళ్ళు ఉంటాయా? జత కోసం తడుముకుంటూ పోయి, చీకట్లో, ఉన్నదాని మీదే చేయి వేస్తాయా?

"బండ ఎవరు మే? నీ మొగుడా?" వెళ్ళయమ్మాళ్ అడిగింది.

"ఆమా, వాడే అత్తా! ఉండ పెట్టినంత వరకూ కదలడు, పెట్టినాక అసలే కదలడు!"

చేనంతా నవ్వింది. పాపాత్తి కూడా నవ్వింది. అందరికన్నా ఒక్క క్షణం ఆలస్యంగా. ఆ క్షణం తిరిగి రాదు. ఎవరైనా ఏరుకుని ఒళ్ళో వేసుకున్నారేమో...

"చాలు నీ బండ పాట," అంది వెళ్ళయమ్మాళ్. "వీరమ్మాళ్ మాట అందాము. నాతో ఎవరు వస్తారు? ఏమ్మే పాపాత్తీ, ఇంకా పన్ను నొప్పేనా? ఇన్ని రోజులు నొచ్చే పన్ను ఉంటుందా పిళ్ళా? పీకి పారెయ్."

"పోయింది అత్తా."

"అయితే రా."

వెళ్ళయమ్మాళ్ ముందు అంది. చేను కాసి, కాసిన చేను కాచి... రెండోసారికే చూసి, తీసి కలిసిపోయి ఏదో అయింది. ఏమైందో పెద్దవాళ్ళకి అర్థమై కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఆవిడ కూడా కళ్ళు తుడుచుకుంది.

"తప్పితిని. సరి, నీ వంతు. పిలువు మే నీ తమ్ముణ్ణి, కొళంబు దాకా వినబడాల."

అందరూ ఎదురుచూశారు. ఏళ్ళుగా ఈ చేలో అదే సరదా. పాపాత్తి తప్పుతుంది. ఒకే చోట తప్పుతుంది. 'తమ్ముణ్ణి పిలిచిందోయ్' అని పదకొండు గొంతులు అరుస్తాయి. ఆ అరుపు కోసం ముందుగానే పెదవులు తెరుచుకుని ఉన్నాయి, సగం పగిలిన కాయల్లా.

పాపాత్తి ఊపిరి తీసుకుంది.

కాసి కాచి చూసి తీసి మోసి.

గోడ. రాయి మీద రాయి.

కాసి కాచి చూసి తీసి మోసి.

పళ్ళు. అంగిలి. సందు లేదు.

కాసి — కాచి — చూసి — తీసి — మోసి.

అయిపోయింది.

తప్పలేదు.

జీవితంలో మొదటిసారి, ఒక్క గింజ కూడా రాలకుండా, తప్పలేదు.

ఎవరూ అరవలేదు. ఎవరూ నవ్వలేదు. తెరుచుకున్న పెదవులు ఒక్కొక్కటే మూసుకున్నాయి. ఎండ చేను మీద నిలబడిపోయింది.

"అయ్యో," అంది బొమ్మి. నిజంగానే దిగులుగా. "తప్పలేదే పాపాత్తక్కా..."

అప్పుడు పాపాత్తికి తెలిసింది, ఏం చేసిందో.

తప్పి ఉంటే నవ్వేవాళ్ళు. గొంతు వణికి ఉంటే, దూరం పోయిన తమ్ముడు గుర్తొచ్చాడు పాపం అని కళ్ళనీళ్ళు పెట్టుకునేవాళ్ళు. ఏళ్ళ తరబడి కాపాడిన తప్పుని తానే తిరగలిలో వేసి విసిరింది. నున్నటి గోడ కట్టింది. అంత నున్నటి గోడ చూస్తే వెనక ఏముందని ఎవరికైనా అనిపిస్తుంది.

వెళ్ళయమ్మాళ్ ఆమె వైపు చూడలేదు.

కొండ వైపు చూసింది.

చాలాసేపు చూసింది. ఆవిడ ముఖంలో నవ్వు ఆరడం పాపాత్తి కళ్ళారా చూసింది. నేల మీద పోసిన నీళ్ళు ఇంకినట్టు.

"కొళంబు అంత దూరమా పిళ్ళా," అంది మెల్లగా, "పేరు కూడా అందనంత?"

పాపాత్తి నోట్లో వరస ఆగిపోయింది. నెల రోజుల తరవాత మొదటిసారి లోపల అంతా నిశ్శబ్దం.

ఆట ఆటే. తప్పినవాళ్ళు మోయాలి. వెళ్ళయమ్మాళ్ దగ్గరికి వచ్చి పాపాత్తి ఒడి విప్పింది. పత్తి తన కొంగులోకి వంచుకుంది. ఒక్క దూదిపింజ కూడా కింద పడనివ్వలేదు. గట్టు దాకా మోసింది. అక్కడ దించి, ఎండుటాకులు ఏరి పారేసి, శుభ్రం చేసి పెట్టింది. తల దువ్విన చేతులే.

"తల నొస్తా ఉండాది," అంది ఎవరితోనో కాదన్నట్టు. "నేను ఇంటికి పోతాను."

పొద్దు ఇంకా నెత్తి మీదే ఉంది. పొద్దు వాలకముందు ఆవిడ ఏనాడూ చేను వదల్లేదు.

ఊరి దారిలో ఆవిడ వీపు చిన్నదవుతోంది. త్వరగా నడవడం లేదు. నెమ్మదిగా కూడా నడవడం లేదు. ఏమీ నిర్ణయించుకోని నడక. దారిలో ఒకచోట ఆగింది. మళ్ళీ నడిచింది. ఇంట్లో చెల్లయ్య ఉంటాడు. ఆవిడ చెబుతుందో చెప్పదో ఆవిడకే తెలియదు. తెలిసేసరికి గుమ్మం వచ్చేస్తుంది.

*

పాపాత్తి వాగు వైపు నడిచింది.

నడవలేదు. కాళ్ళు నడిచాయి.

వెనక బొమ్మి "ఏందక్కా, ఎక్కడికి?" అంటోంది.

వాగు ఒడ్డు. వేడి ఇసుక. అవతల ముళ్ళ పొదలు. వాడు ఈ రోజు ఎక్కడ ఉన్నాడో తెలియదు. రోజుకొక చోట. కానీ మధ్యాహ్నం ఈ పొదల దాకా దిగి వస్తాడు, వరస వినడానికి.

దగ్గరికి రావాలి. చెప్పాలి. ఇవాళే పోవాలని, ఇప్పుడే పోవాలని. చేతిలో ఒక ఉండ అయినా పెట్టాలి. గడ్డం మీద ఒకసారి చేయి వెయ్యాలి.

తప్పితే వస్తాడు.

కాసి కాచి చూసి తీసి మోసి.

కాసి కాచి చూసి తీసి మోసి.

కాసి కాచి చూసి తీసి మోసి.

పొదలు కదల్లేదు.

మళ్ళీ అంది. ఇంకా త్వరగా. ఊపిరి అయిపోయేదాకా, నాలుక మొద్దుబారేదాకా. స పళ్ళ వెనకే నిలబడింది. చ అంగిలి మీదే నిలబడింది. నడుమ ఎవరూ లేరు. గాదె వెనక దుమ్ము లేదు, గంతు లేదు.

"కాశి కాచి..." అంది.

అది దొంగ తప్పు. తనకే వినబడింది. ఉలుకు లేదు అందులో.

నేను రాను పో.

ఇసుక మీద కూర్చుంది. లేచింది. నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. తీసింది. ఊరి దారి వైపు చూసింది. వీపు కనబడటం లేదు. దారి మాత్రం ఉంది, ఖాళీగా, గుమ్మం దాకా.

ఇంక ఒకటే మిగిలింది.

పాపాత్తికి తెలుసు. వాగు ఒడ్డుకి వచ్చినప్పుడే తెలుసు. అందుకే ఇన్నిసార్లు వరస అంది — అది అనకుండా ఉండటానికి.

వెనక చేలో పదిమంది ఉన్నారు. వింటారు. విన్నాక ఇక కొళంబు లేదు, పన్ను నొప్పి లేదు. సాయంత్రం పోలీసులు నిలబడేది ఆమె గుమ్మం ముందే. అది సరే. అది చిన్న సంగతి.

పిలిస్తే పోతాడు. కొండ దాటి, అవతలికి. తిరిగి రాడు.

పుట్టినప్పటి నుంచి ఆమె వాణ్ణి పిలిచింది ఎక్కువగా పొరపాటునే. పిలవాలని పిలిచిన పిలుపులు ఏవీ ఇప్పుడు గుర్తు లేవు. ఆ పేరు ఆమె నోట్లోంచి ఎప్పుడూ జారిందే...

నాలుకని పళ్ళ నుంచి లాగింది. అంగిలి నుంచి లాగింది. నడుమ ఉంచింది. చేత్తో ఉంచినట్టు ఉంచింది.

"కాశీ!"

కొండ ఆ పేరుని ఒకసారి తిరిగి అంది. తప్పు లేకుండా.

వెనక పది నడుములు ఒక్కసారిగా నిటారుగా లేచాయి. ఆమె వెనక్కి తిరిగి చూడలేదు. మొదటిసారి కొండ వైపు చూసింది, దాచుకోకుండా, ఎంతసేపు చూస్తే అంతసేపు.

ఏమీ కదల్లేదు. ఒక పొద కూడా.

విన్నాడా. విని పోతున్నాడా. ఆ గొంతులో ఉలుకు విని, కట్టుబాటు మరిచి, ఇటే వస్తున్నాడా...

ఎండ. ఇసుక. ఊపిరి లోపలికి. ఊపిరి బయటికి.

టప్.

చేలోంచి కాదు. వాగు అవతలి నుంచి, అడుగు కింద పుల్ల విరిగినట్టు.

అక్కడ పత్తి లేదు.